మూడు కేకలు

భీమిలి మునసబు కోర్టులో
నా ఉద్యోగం పేరు అటెండరు.
ఊరు పెట్టిన పేరు మూడుకేకల మామ.

వరండా పైమెట్టు మీద నిలబడి
కాగితంలో ఉన్న పేరుని సముద్రం దాకా విసిరేవాణ్ణి.
మొదటి కేక టీకొట్టు దగ్గరున్నవాడికి.
రెండోది బస్సు దిగి పరిగెత్తుకొస్తున్నవాడికి.
మూడోది ఎవరికో
ముప్ఫయ్యేళ్లు అరిచినా నాకు తెలీలేదు.

గోడలు డచ్చివాళ్లవని కొందరు,
కాదు, తర్వాతొచ్చిన దొరలవని ఇంకొందరు.
దానిమీదా ఓ దావా వేసుకోవచ్చు.
నాకు తెలిసింది గానుగసున్నం ఒక్కటే.
వానాకాలం చెమర్చి, ఆనుకున్నవాడి వీపుకల్లా
తెల్లగా అంటుకునేది,
ప్లీడరని లేదు, ముద్దాయని లేదు.
తలుపు బందులు ఏటా మార్చేవాళ్లం.
ఉప్పుగాలి ఏనాడూ వాయిదా అడగలేదు.

బోను కటకటాకి ఎడమవైపు
చెయ్యి అరగదీసిన పల్లం ఒకటి.
అబద్ధం చెప్పేవాళ్లు అక్కడే పట్టుకుంటారని
గుమాస్తా సోమిదేవయ్య జోకు.
రోజూ తుడిచేవాణ్ణి కదా, నేను చూశాను:
నిజం చెప్పేవాళ్లూ అక్కడే పట్టుకునేవారు,
ఇంకాస్త గట్టిగా.

అరవై నాలుగో నంబరు దావా.
వాది గరికిన దానయ్య, ప్రతివాది మైలపిల్లి ఎల్లాజీ.
తగువు, చేపలారబెట్టే ఇసుక తొమ్మిది సెంట్లు.
ఉత్తరం కొబ్బరిమొద్దు, దక్షిణం తెప్పలు లాగే దారి,
పడమర రోడ్డు, తూర్పు సముద్రం.
ఆ తూర్పు హద్దుకి మాత్రం
ఎవరూ నోటీసు పంపలేదు.

పదకొండేళ్లు పిలిచాను ఆ రెండు పేర్లూ.
ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చేవారు,
కిరాయి చెరిసగం.
దిగాక మాటల్లేవు.

ఎల్లాజీ తల్లి పోలమ్మ కూడా వచ్చేది,
ఖాళీ గంపతో, మెట్ల కింద నీడలో కూర్చునేది.
ఓ సాయంత్రం, మునసబుగారు కారెక్కాక,
గంప తలకెత్తుకోబోతూ ఆగింది.
"బాబూ, నా పేరు కూడా ఓపాలి అరవ్వా?
మా పెల్లిలో సైతం ఎవులూ
అంత గట్టిగా పిలవనేదు."

ఆవిడ ఏ కాగితంలోనూ లేదు.
అయినా పైమెట్టు ఎక్కాను, గొంతు సవరించాను.
మైలపిల్లి పోలమ్మా!
టీకొట్టువాడు తలెత్తాడు.
మైలపిల్లి పోలమ్మా!
కాకులు పెంకుల మీంచి లేచాయి.
మూడోసారి పిలిచేలోగా
గంప కింద పెట్టి, పమిట సర్దుకుని,
చేతులు కట్టుకు నిలబడింది.
"ఉన్నాను బాబూ" అంది,
జడ్జీ లేని కోర్టుకి.

ఆ ఏడు తుపాను తర్వాత కమిషనరు కొలతలకి వెళ్లాడు.
గొడుగు పట్టింది నేనే.
టేపు ఒక కొస రోడ్డు మీద, రెండో కొస పట్టుకుని
సర్వేయరు మోకాల్లోతు నీళ్లలో.
కొబ్బరిమొద్దు లేదు. తెప్పల దారి లేదు.
అలొచ్చి అంకెలు రాసుకున్న కాగితం తడిపి పోయింది.
తీర్పు రెండు లైన్లు:
దావా ఆస్తి లేనందున కేసు మూసివేయడమైనది.
ఖర్చులు ఎవరివి వారివే.

తర్వాత కోర్టే కొత్త మేడకి మారింది.
అక్కడ గోడమీద ఎర్రంకెలు వెలుగుతాయి,
పేర్లుండవు. బెంచీమీద కునుకుపట్టిన ముసలాయన
కేసు దాటిపోయాక లేస్తాడు.
నేను రిటైరయ్యాను. పాత మెట్లకి తాళం,
బోను ఎవరు పట్టుకెళ్లారో తెలీదు.

మొన్న టీకొట్టు దగ్గర ఆటో ఆగింది.
దానయ్య ఒకవైపు నించి, ఎల్లాజీ ఇంకోవైపు నించి దిగారు.
జుట్లు నెరిసి ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు.
పోలమ్మ పోయి రెండేళ్లట.
కాసేపు తాళం కేసి చూశారు.
"మామా, మన వాయిదా ఎప్పుడు?"
అడిగింది ఎవరో, నేను టీ వైపు చూస్తున్నాను.

వచ్చే నెల పన్నెండు, అన్నాను.